అడుగుదాకా తొక్కిన బండి

రత్నం తీసుకెళ్ళిన కంచం తీసుకెళ్ళినట్టే వెనక్కి వచ్చింది. ఇడ్లీల మీద వేసిన కొబ్బరి పచ్చడి అంచులు ఎండి గట్టిపడ్డాయి. ఆవిడ కంచాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, మూత వేసి, ఆ మూత మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది.

పొయ్యి దగ్గరున్న హారికకి, తినలేదా అత్తయ్యగారూ అని అడగడానికి నోరు రాలేదు. గురువారం యార్డులో మీటింగు అయిన దగ్గర్నించీ ఆ ఇంట్లో మావయ్యగారి గురించి తనేం అడిగినా, కొట్టినవాళ్ళే వచ్చి నొప్పిగా ఉందా అని అడిగినట్టుంటోంది.

మావయ్యగారు వీరబాబు దొడ్లో, లారీ కేబిన్‌లో కూర్చుని ఉన్నాడు. మీటింగు నుంచి వచ్చి బండిని కొబ్బరిచెట్ల మధ్య ఎప్పుడూ పెట్టేచోటే పెట్టాడు గాని ఇంట్లోకి రాలేదు. నూతి దగ్గర స్నానం చేస్తాడు, దండెం మీద పంచె తీసి కట్టుకుంటాడు, మళ్ళీ ఎక్కి కూర్చుంటాడు. పడక కూడా అందులోనే. కోపంగా ఉన్నాడని చూసినవాళ్ళకి అనిపించదు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న మనిషిలా ఉంటాడు. అన్నం తీసుకెళితే ఆకలి లేదు రత్నం అంటాడు. అంతకుమించి మాట లేదు.

"సోమవారం నించి బండి యార్డులోకి రాకూడదంట" అంది రత్నం, తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు, గోడవైపు చూస్తూ. "యార్డులోకి రాని బండి ఇంకెక్కడికి పోద్ది? ఇసకకి పనికిరాదు. కొంటానన్నవాడు లేడు. ఆయన మాత్రం ఎక్కడికి పోతారు?"

హారిక పాలగిన్నె దించింది. జవాబు చెప్పాల్సింది తనే అని తెలుసు. చెప్పడానికి తన దగ్గర ఉన్నది ఒక అంకె మాత్రమే.

ఆ అంకె అందరికీ తెలిసిపోయింది. కొబ్బరి యార్డు గోడకి ఆనుకునే చిన్నపిల్లల బడి ఉంది. పొగకి పిల్లలు దగ్గుతున్నారని బడివాళ్ళు అర్జీ పెట్టారు. యార్డులో డీజిలు బండ్లు రోజూ ఎంత పొగ వదులుతున్నాయో లెక్క కట్టి ఇమ్మని వర్తకుల సంఘంవాళ్ళు హారిక పనిచేసే ఇంజనీరింగు కాలేజీని అడిగారు. కాలేజీ ఆ పని హారికకి అప్పజెప్పింది. ఒక్కో బండికీ పొగ మీటరు పెట్టి చూడడం, ఆ బండి ఇంజను యార్డులో ఎంతసేపు ఆగకుండా తిరుగుతుందో రాసుకోవడం, రెండూ కలిపి మొత్తం పొగని అంచనా వెయ్యడం. పని అంతే. రిపోర్టులో బండ్ల నంబర్లు రాయలేదు. కానీ ఎవరి బండి తరువాత ఎవరి బండి పెట్టారో యార్డులో అందరూ నిలబడి చూసినవాళ్ళే.

మిగిలిన బండ్లన్నీ ఒక తీరుగా, హద్దు గీతకి లోపల ఉన్నాయి. ఆఖరి బండి ఒక్కటే గీత దాటి ఎక్కడికో పోయింది. ఆఖరి బండి వీరబాబుది.

సంఘం ప్రెసిడెంటు మాణిక్యాలరావుగారు రిపోర్టు చదివి, అయితే ఇదంతా ఒక్క బండి వల్లేనన్నమాట అన్నారు. ఆ మాటకి యార్డంతా ఊపిరి పీల్చుకున్న చప్పుడు హారిక విన్నది.

*

నాగసతీష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అతనికి యార్డు ఎదురుగా ఎరువుల కొట్టు. తండ్రి కేబిన్‌లో కాపరం పెట్టాక, కొట్టుకి వచ్చిన ప్రతివాడూ మందు కట్ట అడిగేముందు నాన్నగారెలా ఉన్నారండీ అని అడుగుతున్నాడట. ఆ విసుగంతా ఇంటికి మోసుకొస్తున్నాడు.

మిషను తప్పు చూపించిందని ఒక్క ముక్క రాసి ఇచ్చెయ్యమన్నాడు. తన కొట్లో తూకం మిషను వారానికోసారి పిచ్చి లెక్కలు చూపిస్తుందని, మిషను అన్నాక పాడవ్వడం దాని జన్మహక్కని అన్నాడు.

"మిషను బాగానే ఉందండీ" అంది హారిక.

"అయితే ఎవరు బాలేదు? మా నాన్నా?"

ఆమె పాలగిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అదే అతనికి జవాబులా వినపడింది. గొంతు పెంచాడు.

"ఆయన ఆ రోజు ఎందుకు టీకొట్టుకి వెళ్ళిపోయేరో తెలుసా నీకు? నేనక్కడుంటే పిల్ల మొహమాటపడుద్దిరా, సొంతబండి అని చూసీచూడనట్టు వదిలేసిందని రేపు దాన్నంటారు, అని తాళం నీ చేతికిచ్చి పోయేరు. బండి కడిగి, బొట్లు పెట్టి, ఆఖర్న తెచ్చి నిలబెట్టి, మా కోడలండీ అని ఊరందరికీ చెప్పుకుని పోయేరు. నువ్వేమో ఎక్కి కూర్చుని అదేదో పగ ఉన్నట్టు తొక్కేవు. పొద్దున్నించీ అన్ని బండ్లు చూసేవు కదా, ఒక్కదాని గొంతు లేవలేదు. మన బండి వంతొచ్చేసరికి నా కొట్లో గాజు తలుపు గడగడలాడింది."

రత్నం కొడుకుని ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది. దొడ్లోకి వినపడుతుందని. అతను ఇంకేమో అంటూనే బయటికి నడిచాడు.

హారిక మనసు మాత్రం అతను అన్న గాజు తలుపు మాట దగ్గరే ఆగిపోయింది.

ఒక్కదాని గొంతు లేవలేదు.

తాను కాలేజీలో పిల్లలకి ఏటేటా చెప్పే పాఠమే అది. బండిని గేరు వెయ్యకుండా నిలబెట్టి, ఇంజను బాగా వేడెక్కనిచ్చి, సైలెన్సర్‌లోకి మీటరు గొట్టం తోసి, యాక్సిలరేటరు ఒక్కసారిగా అడుగుదాకా తొక్కాలి. ఇంజను ఇంక పెరగలేనంత పైకి వెళ్ళాక వదలాలి. మళ్ళీ తొక్కాలి. అప్పుడు బయటికొచ్చే పొగనే కొలవాలి. సగం తొక్కితే అసలు పొగ లోపలే దాక్కుంటుంది. అంకె వస్తుంది. ఆ అంకెకి అర్థం ఉండదు.

ఆ రోజుని ఆమె మొదట్నించీ మళ్ళీ చూసుకుంది. ఒక్కో డ్రైవరూ భుజం మీద తువ్వాలు సర్దుకుని, సీట్లో కూర్చుని, ఎంత తొక్కమంటారండీ అని అడగడం. కొంచెం తొక్కండి బాబాయ్‌గారూ అని తను అనడం. ఇంజను గొంతు కాస్త లేచేసరికి ఆ మనిషి మొహంలో, కన్నబిడ్డ చెయ్యి ఎవరో మెలిపెడుతున్నట్టు ఒక నొప్పి. అది చూడలేక, చాలండి, చాలండి, అనేయడం. వాళ్ళంతా తండ్రి వయసువాళ్ళు. ఎండలో నిలబడి ఉన్నారు. తాను అడిగింది చేస్తున్నారు. వాళ్ళని ఇంకా తొక్కండి, ఇంకా గట్టిగా, అని ఎలా అనడం? అనకూడదని అనుకుని మానలేదు. అనాలన్న ఆలోచనే రాలేదు.

మావయ్యగారి బండి దగ్గర మొహం ఎవరిదీ లేదు. సీట్లో కూర్చున్నది తనే. మన బండే కదా. పైగా అందరూ చూస్తున్నారు, మినహాయింపు ఇచ్చిందనిపించుకోకూడదు. చెప్పు విడిచి, పాఠంలో ఉన్నట్టు, అడుగుదాకా తొక్కింది.

ఆ రోజంతా తాను సరిగ్గా చేసిన పరీక్ష అదొక్కటే.

చేతిలో పాలగిన్నె ఉందన్న సంగతి, వేళ్ళు కాలాక తెలిసింది.

*

యార్డులో కాయల గుట్టల మధ్య రాంబాబు తన బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ముసలివాడు కాదు గాని జుట్టు నెరిసింది. వీరబాబు దగ్గరే క్లీనరుగా చేరి స్టీరింగు పట్టినవాడు. మీటింగులో అందరితోపాటు తల ఊపినవాడు కూడా. హారికని చూడగానే లేచి తువ్వాలు తీశాడు.

బండి మరోసారి చూడాలని ఆమె చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. మావయ్యగారు భోంచేస్తున్నారా అండీ అని మాత్రం అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను బండెక్కి స్టార్టు చేశాడు.

ఇంజను వేడెక్కేలోగా ఆమె సైలెన్సర్‌లోకి మీటరు గొట్టం తోసింది. పాఠం చెప్పినంత సులువుగా రావాల్సిన మాట, లోపలెక్కడో గుమ్మం దగ్గర నిలబడి బయటికి రావచ్చా అని అడుగుతున్నట్టుంది.

"రాంబాబుగారూ, ఈసారి అడుగుదాకా తొక్కాలండి."

"ఆయ్?"

"మొత్తం. కాలు ఆగిపోయేదాకా."

అతను ఆమెని అదోలా చూశాడు. తొక్కాడు.

సైలెన్సర్ నుంచి నల్లటి ముద్ద ఒకటి ఎగిరి, కాయల గుట్ట మీద పరుచుకుని, బడి గోడ ఎక్కి దిగింది. కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. అతను వదిలి, మళ్ళీ తొక్కాడు. మళ్ళీ. మీటరు మీద అంకెలు నిలబడ్డాయి. వీరబాబు బండి అంకెకి అవి తోబుట్టువుల్లా ఉన్నాయి. ఒకటైతే దాన్ని దాటింది కూడా.

రాంబాబు ఇంజను ఆపి కిందికి దిగాడు. మీటరువైపు రాలేదు. కాస్త దూరంలోనే ఆగి అడిగాడు.

"మా బండి కూడా ఆపేస్తారా అండీ?"

ఆమె అతని మొహం చూసింది. ఆ రోజు ఎండలో చూసిన అదే నొప్పి.

"లేదండి. ఊరికే... మీటరు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను" అంది.

అన్నాక గాని తెలియలేదు, మళ్ళీ అదే పని చేశానని.

మీటరు సర్దుకుని బయటికి వస్తుంటే బడి గేటు దగ్గర జాయ్ టీచరు కనిపించింది. అర్జీ రాసింది ఆవిడే. వాళ్ళమ్మ సత్తెమ్మ ఇదే యార్డులో కాయలు ఒలిచి ఆవిణ్ణి చదివించింది. అందుకే అర్జీలో కూడా యార్డు తీసెయ్యమని రాయలేదు, పొగ సంగతి చూడమని రాసింది. మొదట్లో హారిక బడికి వెళ్ళినప్పుడు ఒక బల్ల మీద వేలు రాసి చూపించింది. సుద్దముక్కల బడిలో దుమ్ము తెల్లగా ఉండాలి కదండీ, అంది. వేలు నల్లగా ఉంది.

ఇప్పుడు ఆవిడ మొహం తేటగా ఉంది. సంఘంవాళ్ళు కబురు చేశారట, పొగబండిని తీసేశామని.

"ఒకటో తరగతి గదికి కిటికీలు మేకులు కొట్టేసేం హారికగారూ. సోమవారం తీయించేస్తున్నాను. తీయించొచ్చు కదా?"

హారిక గేటు ఇనపచువ్వ పట్టుకుంది. ఎండకి కాలి ఉంది. అయినా వదల్లేదు. పిల్లలెవరో లోపల్నుంచి టీచర్‌ని పిలిచారు. నవ్వుతూనే ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. జవాబు అందినట్టే వెళ్ళింది.

*

మాణిక్యాలరావుగారు యార్డు షెడ్డులో కుర్చీ వేయించి, బొండం కొట్టించి, ఆమె చేతికిచ్చాక గాని మాట మొదలుపెట్టనివ్వలేదు. పెద్దమనిషి. గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు.

ఆమె అంతా చెప్పింది. తన తప్పు ఏమిటో, ఎక్కడ జరిగిందో, రాంబాబు పేరు ఎత్తకుండా ఇంకో బండి ఎంత చూపించిందో. చెబుతుంటే, పొద్దున్నించీ ఛాతీలో అడ్డంగా ఉన్నదేదో పక్కకి జరిగినట్టుంది. ఇంక పెద్దాయన చూసుకుంటాడు అన్న చిన్నపిల్లల నమ్మకం. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆయ్, ఆయ్, అంటూ విన్నాడు. పూర్తిగా అర్థం చేసుకున్నాడు. అదే ఆమెకి తరువాత భయమేసిన సంగతి. అర్థం కానివాడైతే ఇంకోసారి చెప్పొచ్చు.

"అయితే అమ్మా, అన్ని బండ్లూ అంతేనంటావు."

"అన్నీ చూస్తే గాని చెప్పలేనండి. చాలా వరకు అంతే అయుంటాయి."

"అన్నీ ఆపేద్దామా మరి?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. షెడ్డు బయట కాయలు ఒలిచే గునపాల చప్పుడు ఆగకుండా వస్తోంది. బండి రాకపోతే కాయ రాదు. కాయ రాకపోతే ఆ చప్పుడు లేదు. ఆమె బొండం పట్టుకుని కూర్చుంది. తాగలేదు.

ఆయనే మళ్ళీ అందుకున్నాడు. వీరబాబుని బయట పెట్టడం తనకి మాత్రం ఇష్టమా అన్నాడు. ఒకే ఈడువాళ్ళం, ఒకే రేవులో ఈత నేర్చుకున్నాం అన్నాడు. ఒక బండిని తీశామని చెబితే బడివాళ్ళు ఊరుకుంటారు, యార్డు నడుస్తుంది, అందుకని గుండె రాయి చేసుకున్నానన్నాడు. ఇప్పుడు నువ్వే వచ్చి పరీక్షలో తేడా జరిగిందంటున్నావు కాబట్టి ఇంకో దారి కనపడుతోందన్నాడు.

"సోమవారం పొద్దున్న బండి తెమ్మను. అందరి ముందూ మళ్ళీ పెట్టు. ఈసారి నువ్వు ఎక్కొద్దు, వీరబాబునే తొక్కమను. అందరికీ ఏ మర్యాద ఇచ్చేవో మీ మావయ్యకీ అదే ఇయ్యి. అందులో అన్యాయం ఏముందమ్మా?"

ఆమె వెతికింది. ఆ మాటలో అన్యాయం ఎక్కడుందో చాలాసేపు వెతికింది. మనుషుల వైపు నుంచి చూస్తే ఎక్కడా లేదు. అందరికీ ఒకటే కొలత. పొగకి మాత్రమే అన్యాయం. ఆ పొగ వెళ్ళి కూర్చునే గదిలో, మేకులు తీయడానికి మనిషిని పురమాయించిన టీచరుకి అన్యాయం. వాళ్ళెవరూ ఈ షెడ్డులో లేరు.

"టీచరుగారికి ఏం చెప్పాలండీ?" అంది చివరికి.

"మీటరు తప్పు చూపించిందని చెబుదాం. ఆవిడ బడి వైపు బండ్లు నిలపకుండా నేను చూస్తానులే. బొండం తాగమ్మా, వేడెక్కిపోద్ది."

ఆమె తాగింది. ఒప్పుకున్నట్టు ఎవరూ రాసుకోలేదు. ఆ గుక్క మింగినప్పుడు ఆయన మొహం తేలికపడడం మాత్రం చూసింది.

*

ఇంట్లో కబురు ఆమెకన్నా ముందే చేరింది. నాగసతీష్ కొట్టు మూసేసి వచ్చేశాడు. పొద్దున అన్న మాటలు ఏవీ అననట్టే, మా హారిక తల్చుకుంటే చెయ్యలేనిదేముంది అని తల్లితో అంటున్నాడు. రత్నం చేపల పులుసు పెట్టింది. ఆ వాసనకే ఇంట్లో మనుషులు మళ్ళీ బతికినట్టయింది.

తనెందుకు వెళ్ళి మావయ్యగారికి చెప్పలేకపోయిందో హారికకి తెలుసు. చెబితే మొత్తం చెప్పాలి. మీ బండి అంకె తప్పు కాదు మావయ్యగారూ, మిగతావాళ్ళవి తప్పు, అనాలి. అది ఆయనకి ఏం ఊరట? అందుకని గుమ్మం పక్కన నిలబడి, అత్తయ్యగారు కేబిన్ తలుపు దగ్గరికి కంచం తీసుకెళ్ళడం చూసింది.

వీరబాబు అంతా విని, ఒక్కటే అడిగాడు.

"అమ్మాయే అందా, మాణిక్యం అన్నాడా?"

"అమ్మాయే" అంది రత్నం. తడుముకోకుండా అంది.

ఆయన స్టీరింగు మీంచి చెయ్యి తీసి, కంచం అందుకున్నాడు. తిన్నాడు. ముల్లు తీసి పక్కన పెట్టుకుంటూ, నిదానంగా, పూర్తిగా తిన్నాడు. రత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. హారిక గుమ్మం పక్క నుంచి కదలబోయి ఆగింది. ఇప్పుడు వెళ్ళి అసలు సంగతి చెబితే ఆ ముద్ద గొంతులో ఆగుతుంది. తినడం అయ్యాక చెప్పొచ్చు అనుకుంది. అయ్యాక, పడుకున్నాడు కదా అనుకుంది. ఆదివారమంతా ఆయన బండి కడుగుతూనే ఉన్నాడు. చేతిలో పనున్న మనిషికి ఏం చెబుతాం అనుకుంది. ఎవరో తనని పట్టి ఉంచారని చెప్పుకోడానికి కూడా లేదు. తలుపులన్నీ తీసే ఉన్నాయి.

ఇంట్లోకి మాత్రం ఆయన అప్పటికీ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు.

*

సోమవారం యార్డులో కాయల పని ఇంకా మొదలుకాలేదు. డ్రైవర్లు తమ తమ బండ్లకి ఆనుకుని నిలబడ్డారు. మాణిక్యాలరావుగారు కుర్చీలో ఉన్నారు. గేటు దగ్గర జాయ్ టీచరు, ఎవరు చెప్పారో ఏమో, పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. ఆవిడ వెనక, గోడ మీదుగా, మేకులు తీసిన కిటికీ రెక్కలు బార్లా తెరిచి కనిపిస్తున్నాయి.

వీరబాబు బండి నడి యార్డులో ఉంది. అద్దం మీద నీటి చారలు ఇంకా ఆరలేదు. ఇంజను వేడెక్కుతోంది. ఆ చప్పుడుకి యార్డు రేకులు సన్నగా వణుకుతున్నాయి.

హారిక వెనక్కి వెళ్ళి సైలెన్సర్‌లోకి గొట్టం తోసింది. చేతులు మామూలుగానే పనిచేశాయి. ముందుకి నడిచి కేబిన్ తలుపు దగ్గరికి వచ్చింది. దూరంగా నాగసతీష్, ఎవరికీ కనపడకుండా అనుకుని, అరచెయ్యి కిందికి పెట్టి నెమ్మదిగా, నెమ్మదిగా అని సైగ చేస్తున్నాడు. అందరికీ కనపడుతూనే ఉంది.

రాంబాబు ఒక్కడే ఆమె మొహంలోకి చూడలేదు.

వీరబాబు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా. మీటింగు తరువాత ఆమెతో ఒక్క మాట మాట్లాడని మనిషి, తలుపు మీదుగా కాస్త వంగి అడిగాడు.

"ఎంతవరకు తొక్కమంటారండీ?"

మిగతా డ్రైవర్లు అడిగినట్టే అడిగాడు. అదే గొంతు, అదే వినయం.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆయనకి ఆమె అమ్మాయి. నువ్వు తిన్నావా, నువ్వెప్పుడొచ్చేవు, నీకేం తెలుసులే. కాలేజీ ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా మేడమ్‌గారంటే, మేడమ్ లేదు గీడమ్ లేదు, మా పిల్ల అన్నాడు. ఆ మనిషి నోట ఈ అండీ ఏమిటి? దెప్పాడేమోనని ఆమె మొహమంతా వెతికింది. దెప్పితే ఎంత బాగుండేది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. పరాయివాళ్ళకి ఇచ్చే మర్యాద తనకి కోడలు ఇవ్వబోతోందని విన్నాడు. ఆకలి వేసినవాడిలా దాన్ని తీసుకున్నాడు. తీసుకున్నాక, ఎలా ఉండాలో అలా ఉన్నాడు. అంతే.

అందుకే ఇంట్లోకి రాలేదన్నమాట.

ఇంజను చప్పుడు ఆమె చెవుల్లో కొట్టుకుంటోంది. అలవాటైన మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. కొంచెం తొక్కండి. ఆ ఒక్క మాట అంటే అందరూ ఇళ్ళకి వెళతారు. కాయలు దిగుతాయి. గునపాల చప్పుడు మొదలవుతుంది. రేపట్నించి ఆయన కంచం ఖాళీ అవుతూనే ఉంటుంది. ఆయన మాత్రం ఆమెని అండీ అనే పిలుస్తూ ఉంటాడు.

గేటు దగ్గర జాయ్ టీచరు పుస్తకాల చెయ్యి మార్చుకుంది.

హారికకి తన పెదాలు కదలడం తెలిసింది. ఎంత బలముందో అంతా కూడదీసుకుంది.

"అడుగుదాకా తొక్కండి మావయ్యగారూ" అంది.

అన్నానని ఆమెకి తెలుసు. గొంతులో ఆ మాట గీసుకుంటూ వెళ్ళిన చోటు ఇంకా మండుతోంది. యార్డులో ఎవరూ కదలలేదు. మాణిక్యాలరావుగారు కుర్చీలో అలాగే ఉన్నారు. నాగసతీష్ అరచెయ్యి ఇంకా కిందికి, కిందికి ఊగుతూనే ఉంది.

వీరబాబు ఆమెని చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. కాలు కదపలేదు. తలుపు మీదికి మరికాస్త వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆయ్? ఇంజను చప్పుడికి వినపళ్ళేదండీ" అన్నాడు. "ఇంకోసారి చెప్పండి."

ఆయనకి నిజంగానే వినపడలేదో, ఇంకో మాట చెప్పుకోడానికి తనకి చోటు ఇస్తున్నాడో, ఆ మొహంలో ఆమెకి ఎక్కడా దొరకలేదు.